ఈక్వడార్‌లో పన్నెండు రోజులు: ఫొటో పడని పిట్టను లెక్కలో వేయవచ్చా?

దూరపు కొండలు | జూన్ 8, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఉండేది బెంగళూరు జె.పి. నగర్, సొంత ఊరు హిందూపురం దగ్గర. తొమ్మిదేళ్ళుగా పిట్టల వెంట తిరుగుతున్నాను. ఆగస్టులో ఈక్వడార్ వెళుతున్నాను. ఆఫీసులో సెలవు, ఇంట్లో అనుమతి రెండూ ఒకే ఏడాది దొరికాయి. మళ్ళీ అలా కుదురుతుందన్న నమ్మకం లేక టికెట్లు కొనేశాను.

వెళ్ళేది హమ్మింగ్‌బర్డ్‌ల కోసమే. ప్రపంచంలో వాటి జాతులు సుమారు 360. అన్నీ అమెరికా ఖండాల్లోనే. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపితే ఎంతో ఇంచుమించు అంతే ఉన్న ఈక్వడార్‌లో 130 దాకా ఉన్నాయి. పన్నెండు రోజుల్లో ఎన్ని చూడగలను? ఏ లెన్సు పట్టుకెళ్ళాలి? ఫ్లాష్ వాడాలా, వద్దా?

ఇవి కాక ఇంకో చిక్కు ఉంది. ఫొటో లేనిదే లెక్కలో వేయకూడదని నాకొక నియమం. నా జాబితాలో 512 పక్షులు ఉంటే 512కీ ఫొటోలు ఉన్నాయి. నాలుగేళ్ళ క్రితం నంది కొండ మీద ఒక పక్షిని చూశానని చెబితే, జట్టులో ఒకాయన "కలలో వచ్చిందా?" అని అందరి ముందూ నవ్వాడు. ఆ రోజు పెట్టుకున్న నియమం అది. అయితే సెకనుకు యాభై అరవై సార్లు రెక్కలాడించే పిట్టల దగ్గర ఈ పట్టుదల సాగుతుందా అని ఇప్పుడు బెంగగా ఉంది.

లాల్‌బాగ్ మామయ్య | జూన్ 9, ఉదయం 5:25

బాబూ, ముందు ఆ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. నేను 1983 నుంచి నోటుపుస్తకాల్లో రాసుకుంటున్నాను. ఇరవై రెండు పుస్తకాలు అయ్యాయి. వాటిలో ఒక్క ఫొటో లేదు. నీ లెక్క ప్రకారం ఈ నలభై ఏళ్ళలో నేను చూసిన పిట్టలు సున్నా!

ఎవరో నవ్వారని నియమం పెట్టుకున్నావు. నవ్వినవాడు మరిచిపోయి ఉంటాడు, నువ్వు మోస్తున్నావు.

ఇక దారి సంగతి. 2011లో మా అమ్మాయి తీసుకెళితే నేనూ ఈక్వడార్ చూశాను. అక్కడ పిట్టల లెక్క ఊళ్ళను బట్టి కాదు, ఎత్తును బట్టి నడుస్తుంది. కీటో నగరమే 2,850 మీటర్ల ఎత్తున ఉంది. పడమటి వాలు మీద దిగుతూ పోతే మిండో ఊరు 1,250 మీటర్ల దగ్గర వస్తుంది. ఈ మధ్యలో ప్రతి నాలుగైదు వందల మీటర్లకూ పిట్టలు మారిపోతాయి. పైన కనిపించింది కింద ఉండదు. కాబట్టి ఒకే చోట ఆరు రోజులు కూర్చోకు. మిండో, దానికి పైన తండయాపా లోయ, పిచించా అగ్నిపర్వతం వాలు మీద 3,500 మీటర్ల దగ్గర ఉన్న యానకోచా, తూర్పు వైపు పపయాక్తా కనుమ దాటాక గ్వాంగో, చివరికి చెట్లే లేని అంతిసానా. ఈ మెట్లన్నీ ఎక్కి దిగితే నలభై దాటుతావు.

యానకోచాలో సోర్డ్-బిల్డ్ హమ్మింగ్‌బర్డ్ కనిపిస్తే కెమెరా ఒక నిమిషం కింద పెట్టు. తోకను వదిలేసి కొలిస్తే ఒళ్ళు కన్నా ముక్కే పొడుగు. అంత ముక్కుతో ఈకలు దువ్వుకోలేదు కనుక కాళ్ళతో గోక్కుంటుంది. కూర్చున్నప్పుడు బరువుకు వాలిపోకుండా ముక్కు ఆకాశానికి ఎత్తి పెడుతుంది. దాన్ని చూసి నేను పగలబడి నవ్వాను. మా అమ్మాయికి సిగ్గేసింది.

కొత్త కళ్ళు | జూన్ 9, ఉదయం 9:02

అడగడానికి మొహమాటంగా ఉంది. అంత దూరం వెళ్ళడం ఎందుకు? వైట్‌ఫీల్డ్‌లో మా బాల్కనీలోనే నిన్న సాయంత్రం హమ్మింగ్‌బర్డ్ చూశాను. బొటనవేలంత ఉంది. గాలిలో ఒకే చోట నిలబడి పెంటాస్ పువ్వుల్లో తేనె తాగింది. రెక్కలు అసలు కనపడలేదు. ఫోనులో వీడియో కూడా ఉంది.

తేనెపిట్ట | జూన్ 9, ఉదయం 11:30

మొహమాటం ఎందుకండీ, ఏడాదికి పదిమందైనా ఈ మాట అడుగుతారు. వీడియోను నిదానంగా నడిపి తల దగ్గర చూడండి. రెండు మీసాలు, చుట్ట చుట్టుకునే తొండం, పొట్ట కింద ముడిచిన కాళ్ళు కనిపిస్తాయి. అది హాక్ మాత్. సీతాకోకచిలుకలకు చుట్టం, పక్షి కాదు. పగటిపూట తిరిగే హాక్ మాత్‌లు బెంగళూరు కుండీల దగ్గరకు బాగా వస్తాయి. గాలిలో నిలబడి పువ్వులోంచి తాగే విద్యను పక్షీ పురుగూ విడివిడిగా నేర్చుకున్నాయి. మీ కన్ను పొరపడడంలో తప్పేమీ లేదు.

హమ్మింగ్‌బర్డ్ అని మనవాళ్ళు పొరపడే రెండోది నా పేరు మీద ఉన్నదే. తేనెపిట్టలు ఆసియా, ఆఫ్రికాలవి. పాటలు పాడే పిచ్చుకలు, కాకుల పెద్ద వర్గంలోకి వస్తాయి. హమ్మింగ్‌బర్డ్‌కు దగ్గరి చుట్టాలు స్విఫ్ట్‌లు. అంటే మీ ఊళ్ళో తాటిచెట్టు చుట్టూ సాయంత్రం గిరికీలు కొట్టే పామ్ స్విఫ్ట్, చూడటానికి ఏ పోలికా లేకపోయినా, దానికి తేనెపిట్ట కన్నా దగ్గరి బంధువు. ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మరు.

దూరపు కొండలు గారూ, మీకు ఒక ఉపాయం. బెంగళూరు అపార్ట్‌మెంట్ల ముందు వరసగా నాటే హమీలియా కంచెలు చూశారు కదా, సన్నని నారింజ రంగు గొట్టాల్లాంటి పువ్వులవి. ఆ మొక్క సొంత ఊరు అమెరికా ఖండాలు. అక్కడ దానికి అసలు అతిథి హమ్మింగ్‌బర్డ్. ఇక్కడ ఆ అతిథి లేదు కాబట్టి పర్పుల్-రంప్డ్ తేనెపిట్ట వచ్చి కొమ్మ పట్టుకుని తాగుతుంది. ఒక్కోసారి పువ్వు అడుగున కన్నం పెట్టి దొంగతనంగా కూడా లాగుతుంది. వెళ్ళే లోపు రెండు నెలలు ఆ కంచె దగ్గరే సాధన చేయండి. పువ్వు అదే, పిట్టే వేరు.

మూడు కాళ్ళు | జూన్ 9, మధ్యాహ్నం 1:15

లెన్సు గురించి నేను చెబుతాను. 600 మి.మీ. పెద్ద తోపు మోసుకుపోకండి. అక్కడి ఫీడర్ల (పిట్టలకు పంచదార నీళ్ళు పెట్టే గిన్నెల) దగ్గర పిట్ట రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. పెద్ద లెన్సులు అంత దగ్గరలో ఫోకసే చేయలేవు. డబ్బు పోసి కొన్న లెన్సు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ మెట్ల మీంచి పడిన మనిషి నాకు తెలుసు. ఆ మనిషిని నేనే. 100-400 గానీ 100-500 గానీ చాలు.

ఇక ఫ్లాష్. సహజమైన వెలుతురులో రెక్కను ఆపాలంటే 1/4000 సెకను దాకా వెళ్ళాలి. మేఘాల అడవిలో అంత వెలుతురు ఎక్కడిది? ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును గ్రహించే శక్తి, పెంచితే ఫొటో గవ్వల ఇసుకలా అవుతుంది. అందుకే చాలామంది నాలుగైదు చిన్న ఫ్లాష్‌లు పెడతారు. ఇక్కడ కొత్తవాళ్ళు తికమక పడేది ఒకటుంది. ఈ పద్ధతిలో రెక్కను ఆపేది షట్టర్ కాదు. షట్టర్ 1/200 దగ్గరే ఉంటుంది. ఫ్లాష్ బలాన్ని పదహారో వంతుకో ముప్పై రెండో వంతుకో తగ్గిస్తే దాని మెరుపు పదివేలవ వంతు సెకను కన్నా తక్కువ సేపు ఉంటుంది. చుట్టూ నీడ ఉండాలి, కెమెరాకు మామూలు వెలుతురు అందకూడదు. అప్పుడు ఫొటోలో పడేది ఆ మెరుపు క్షణమే. వెనక నల్లగా రాకుండా మసక పచ్చ రంగు అట్ట ఒకటి నిలబెడతారు.

ఈ దారి వేసినవాళ్ళలో క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్ ఒకరు. డ్యుపాంట్ రసాయనాల సంస్థకు అధ్యక్షుడిగా ఉంటూనే 1950లలో ఫ్లాష్ సరంజామా మోసుకుని దక్షిణ అమెరికా అంతా తిరిగి హమ్మింగ్‌బర్డ్‌ల ఫొటోలు తీశాడు. మన దగ్గర అంత పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్ళు గోల్ఫ్ ఆడతారు.

లాల్‌బాగ్ మామయ్య | జూన్ 9, రాత్రి 8:50

అట్ట, నాలుగు దీపాలు, పంచదార నీళ్ళు. పెళ్ళి స్టూడియోకూ దానికీ తేడా ఏముంది? అడవిలో అలాంటి పిట్ట ఎక్కడా ఉండదు. పైగా ఆ ఫొటోలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఎడమ నుంచి పిట్ట, కుడి నుంచి పువ్వు.

మూడు కాళ్ళు | జూన్ 9, రాత్రి 9:10

మామయ్యగారూ, ఒప్పుకుంటాను, ఒకే అచ్చు. కానీ ఈక ఈకనూ విడిగా చూడగలిగేది ఆ అచ్చులోనే. మీ కంటికి పొగమంచులా కనిపించే రెక్క, పిట్ట నిలబడి తాగేటప్పుడు ముందుకూ వెనక్కూ పడుకున్న ఎనిమిది అంకెలా తిరుగుతుందని చూపించేది అలాంటి బొమ్మలే. కొన్ని చోట్ల ఫ్లాష్ వద్దంటారు, అక్కడ వాడకూడదు. ఆ మాత్రం మర్యాద మాకూ ఉంది.

ఫీనిక్స్ పాత కాపు | జూన్ 10, ఉదయం 7:45

ఆరిజోనాలో పదకొండేళ్ళు ఉండి మూడేళ్ళ క్రితం బెంగళూరు వచ్చేశాను. ఆగస్టులో ఆరిజోనా దక్షిణ కొండల్లో, మడేరా కాన్యన్ లాంటి చోట్ల, ఒక్క మధ్యాహ్నంలో ఏడెనిమిది జాతులు ఫీడర్ల దగ్గర కుస్తీ పట్టడం చూశాను. కుస్తీ అనే మాట ఊరికే వాడలేదు. మూడు నాలుగు గ్రాముల పిట్ట, గిన్నెలో అందరికీ సరిపోయే నీళ్ళున్నా, పక్కదాన్ని తాగనివ్వదు. చిన్న ఆస్తి కోసం పెద్ద తగాదా, అచ్చం మా పెదనాన్నల ఇల్లే.

లెక్క గురించి నా అనుభవం. 2014లో ఆరిజోనాలో మాగ్నిఫిసెంట్ హమ్మింగ్‌బర్డ్ చూశాను. 2016లో కోస్టారికాలో మళ్ళీ చూశాను, ఉన్నదే కదా అని పెద్దగా పట్టించుకోలేదు. 2017లో అమెరికా పక్షిశాస్త్రవేత్తలు దాన్ని రెండుగా విడగొట్టారు. ఉత్తరాన ఉన్నది రివోలీస్, కోస్టారికా వైపుది తలమాంకా. నేను సోఫాలో కూర్చుని ఉండగా నా జాబితాలో ఒకటి పెరిగింది. ఆ రెండో దానికి నా దగ్గర ఒకే ఒక ఫొటో ఉంది, అదీ వెనక నుంచి. పట్టించుకోనందుకు ఇప్పటికీ చెంపలేసుకుంటాను.

కాబట్టి "ఇది ముందే ఉంది" అని ఏ పిట్టనూ వదలకండి. మీరు వెళ్ళే చోట పాత పుస్తకాల్లో బూటెడ్ రాకెట్‌టెయిల్ ఒకటే. కొత్త జాబితాల్లో అది మూడు. కాళ్ళకు తెల్లని దూది మేజోళ్ళు వేసుకున్నది పడమటి వాలుది. అండీస్ దాటి తూర్పుకు వెళితే మేజోళ్ళు గోధుమ రంగుకు మారతాయి.

ఇంకా పెద్ద తమాషా జెయంట్ హమ్మింగ్‌బర్డ్‌ది. ఈ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది, సుమారు ఇరవై గ్రాములు. అంతా ఒకటే అనుకుంటూ వచ్చారు. 2024లో వచ్చిన పరిశోధనతో అవి రెండని తేలింది. ఒకటి ఏడాది పొడవునా అండీస్ ఎత్తుల్లోనే ఉంటుంది. రెండోది చిలీ తీరం నుంచి పెరూ కొండల దాకా వలస పోయి వస్తుంది. చూస్తే పోల్చుకోవడం దాదాపు అసాధ్యం. చిలీ పిట్టల వీపున చిన్న పరికరాలు కట్టి అవి ఎటు పోతున్నాయో చూస్తే గానీ గుట్టు బయటపడలేదు. ఆ వలస కాలంలో పెరూలో ఫొటో తీసినవాళ్ళ దగ్గర మంచి ఫొటోలే ఉన్నాయి, కానీ అది రెండింటిలో ఏదో ఫొటో చెప్పదు. "ఫొటో ఉంటే లెక్క" అనే నియమం అక్కడ ఏం చేస్తుంది? మీకు మాత్రం బాధ లేదు, ఈక్వడార్‌లో ఉండేది కదలని రకమే.

దూరపు కొండలు | జూన్ 10, రాత్రి 11:05

అందరికీ ధన్యవాదాలు. మామయ్యగారి మాట గుచ్చుకుంది, అది వేరే సంగతి. నియమం ఈ ప్రయాణం వరకు ఉంచుతాను, తరువాత చూద్దాం.

తేనెపిట్ట గారు చెప్పిన హమీలియా మా వీధి చివర బ్యాంకు ముందే ఉంది. రేపటి నుంచి పొద్దున అక్కడ. కాపలా ఆయనకు ముందే చెప్పుకోవాలి, కెమెరాతో బ్యాంకు ముందు కూర్చుంటే బాగుండదు.

దూరపు కొండలు | జూలై 6, మధ్యాహ్నం 12:20

సాధన నివేదిక. ఇరవై ఒక్క రోజులు, నాలుగు వేల పైన ఫొటోలు, పనికొచ్చినవి పదకొండు. నేర్చుకున్నది ఏమిటంటే పిట్ట వెంట లెన్సు తిప్పడం దండగ. విచ్చుకున్న పువ్వు ఒకటి ఎంచుకుని దాని మీద ఫోకస్ పెట్టి కూర్చుంటే పిట్టే వస్తుంది. కాపలా ఆయన చిత్తూరు మనిషి. మూడో రోజు నుంచి "సార్, పిట్ట వచ్చి పోయింది, మీరు ఆలస్యం" అని లెక్క చెప్పడం మొదలుపెట్టారు.

ఒక సందేహం. మగ తేనెపిట్ట గొంతు ఒక ఫొటోలో ఊదాగా మెరిసింది, మరుక్షణం తీసిన దాంట్లో బొగ్గులా ఉంది. కెమెరా తప్పా?

తేనెపిట్ట | జూలై 6, సాయంత్రం 4:40

కెమెరా తప్పు కాదు, అక్కడ మీరనుకునే రంగే లేదు. ఆ ఈకలో ఉన్నది నల్లటి పదార్థం. దాని పొరలు వెలుతురును విరిచి ఒక దిక్కుకు పంపితే ఆ దిక్కున ఉన్నవారికే రంగు. హమ్మింగ్‌బర్డ్ గొంతు దగ్గర ఇది మరీ ఎక్కువ. వాటి ఈకల్లో గాలి బుడగలున్న చిన్న చిన్న పలకలు దొంతరలుగా ఉంటాయి. పిట్ట తల ఇటు తిప్పితే నిప్పు, అటు తిప్పితే బొగ్గు.

మయూరకంఠి రంగు ధర్మవరం పట్టుచీర గుర్తుకొస్తుంది కదూ. చూడటానికి అదే ఆట, పనితనం మాత్రం వేరు. చీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. అక్కడ నిజంగా రెండు రంగుల దారాలు ఉన్నాయి. పిట్ట దగ్గర ఒక్క రంగు దారమూ లేదు, నేత మాత్రమే ఉంది.

మీకు పనికొచ్చే మాట: వెలుతురు మీ వీపు వైపు ఉండాలి, పిట్ట మీకేసి తిరిగే దాకా ఆగాలి. జాబితా రాసేటప్పుడు గొంతు నల్లగా కనిపించిందని తొందరపడి వేరే జాతి అనుకోకండి.

లాల్‌బాగ్ మామయ్య | జూలై 7, ఉదయం 5:40

రంగుల మాట అయ్యాక సూది మాట. పచ్చ జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా వేయించుకున్నావా? ఈక్వడార్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆ పత్రం లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. పత్రం చెల్లేది సూది వేసిన పది రోజుల తరువాతే. టీకా ప్రభుత్వం అనుమతించిన కేంద్రాల్లోనే వేస్తారు, ముందుగా రోజు తీసుకోవాలి. ఒక్కసారి వేయించుకుంటే జన్మంతా చాలు.

దూరపు కొండలు | జూలై 7, ఉదయం 8:15

అయ్యో, అసలు ఆ ఊసే లేదు! ఈ రోజే ఫోను చేస్తాను మామయ్యగారూ.

దూరపు కొండలు | ఆగస్టు 17, మిండో నుంచి

ఇక్కడ వర్షం. వసారాలో కూర్చుని రాస్తున్నాను. చెవి పక్క నుంచి ఏదో దూసుకుపోతే ఈగ అనుకుని చెయ్యి విసిరాను, రాకెట్‌టెయిల్! తెల్ల మేజోళ్ళు, తోక చివర రెండు నల్లని చెంచాలు. వయలెట్-టెయిల్డ్ సిల్ఫ్ తోక దాని ఒంటి కన్నా పొడుగు. వెల్వెట్-పర్పుల్ కరోనెట్ వాలిన ప్రతిసారీ రెక్కలు పైకెత్తి రెండు క్షణాలు అలాగే ఉంచుతోంది, ఫొటో తీయమన్నట్టు. ఐదు రోజులకు 29. కీటో చలిలోంచి ఈ ఉక్కలోకి దిగగానే లెన్సు లోపల తేమ పట్టింది, ఒక పూట పోయింది. ఈ సారి దిగే ముందే సంచిలో కట్టేసి, లోపలి వేడి బయటితో సమానమయ్యాకే విప్పాలి.

ఆడపిట్టలు ప్రాణం తీస్తున్నాయి. అన్నీ పైన పచ్చ, కింద తెలుపు, చుక్కలు.

ఫీనిక్స్ పాత కాపు | ఆగస్టు 17, రాత్రి 9:30

ఆడవాటికి తోక చివరా ముక్కు పొడవూ చూడండి, కంటి వెనక తెల్లగీత ఉందో లేదో రాసుకోండి. నాకు ఆరిజోనాలో అదే దిక్కయింది.

దూరపు కొండలు | ఆగస్టు 30, రాత్రి 10:10

వచ్చి మూడు రోజులైంది. నిద్ర వేళలు ఇంకా కుదురుకోలేదు. లెక్క చెబుతాను, తరువాత మీరే తీర్పు చెప్పండి.

ఫొటోలున్నవి 41. ఫొటో లేకుండా చూసినవి 4. ఎటూ తేలని ఆడపిట్టల ఫొటోలు తొమ్మిది. వాటిని ఏ లెక్కలోనూ కలపలేదు.

ఆ నాలుగులో ఒకటి ఈక్వడోరియన్ హిల్‌స్టార్. చివరి రోజు అంతిసానా. 4,000 మీటర్లు, చెట్టన్నది లేదు, గడ్డీ గాలీ తప్ప. పొద్దున రెండు గంటలు వెతికాం, కనపడలేదు. జెయంట్ మాత్రం ఒకటి వచ్చింది, రెక్క ఆడింపు కంటికి అందేంత నిదానం, పావురం కూన ఎగిరినట్టు ఉంది. ఆ తరువాత వడగళ్ళు. వేళ్ళు కొంకర్లు పోయి కెమెరాను బండిలో పెట్టి, గ్లాసుడు వేడి నీళ్ళు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. నాకు మూడు అడుగుల దూరంలో చుకిరాగువా పొద, ముళ్ళ ఆకులు, నారింజ పువ్వులు. దాని మీద వచ్చి వాలింది. మగది. తల అంతా ఊదా ముసుగు, కింద నల్లగీత, పొట్ట తెలుపు. గాలిలో నిలబడలేదు. మన తేనెపిట్టలాగే పువ్వును పట్టుకుని కూర్చుని తాగింది. ఆ పలచని గాలిలో నిలబడి తాగడం ఎంత ఖర్చో దానికి తెలుసు. ఒక్కొక్క పువ్వూ, తీరుబడిగా. గైడు బండి వైపు కళ్ళతో సైగ చేశాడు, కెమెరా తెచ్చుకోమని. కదిలితే ఎగిరిపోతుందని నేను కదలలేదు. గ్లాసులో నీళ్ళు చల్లారిపోయాయి. మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో.

నా నియమం ప్రకారం అది లెక్కలో లేదు.

ఇప్పుడు రెండో ముక్క. నిన్న రాత్రి మిండో ఫొటోలు పెద్దవి చేసి చూస్తున్నాను. వైట్-నెక్డ్ జాకబిన్‌ను తీసిన ఫొటోలో, ఎడమ మూలన, హెలికోనియా పువ్వు దగ్గర మసగ్గా ఇంకో పిట్ట. వంకీ తిరిగిన పొడుగు ముక్కు, ముఖం మీద తెల్లని చార. పెద్దది చేస్తే వైట్-విస్కర్డ్ హెర్మిట్. ప్రయాణం మొత్తంలో అది నాకు ఎక్కడా కనపడలేదు, నలభై ఒకటోది అదే. నా నియమం ప్రకారం అది లెక్కలో ఉంది.

మూడు కాళ్ళు | ఆగస్టు 30, రాత్రి 10:35

హెర్మిట్ లెక్కే. ఆధారం ఉంది, చోటు తెలుసు, సమయం ఫొటోలోనే ఉంది. శాస్త్రానికి మీ ఊహ కన్నా ఆ మసక ఫొటో ఎక్కువ పనికొస్తుంది. అక్కడ ఆ రోజు ఆ పిట్ట ఉన్నదన్నది నిజం.

లాల్‌బాగ్ మామయ్య | ఆగస్టు 31, ఉదయం 5:15

ఉన్నదన్నది నిజం, కాదనను. ఊరి లెక్కలో వేయి, మిండో లెక్కలో వేయి. నీ లెక్కలో ఎలా వేస్తావు? దాన్ని నీ కెమెరా చూసింది. ఆ సమయంలో నువ్వు జాకబిన్‌ను చూస్తున్నావు. పెళ్ళి ఫొటోలో వెనక నిలబడ్డాయన్ని "ఆ రోజు ఆయనతో మాట్లాడాను" అంటామా?

ఆ హిల్‌స్టార్ గురించి మాత్రం నువ్వు అంత రాశావు, చదువుతుంటే నా చేతులు చల్లబడ్డాయి. అది లెక్కలో లేదంటావా!

ఫీనిక్స్ పాత కాపు | ఆగస్టు 31, ఉదయం 8:20

నేను మధ్యలో ఉన్నాను. జాబితాలు ఎన్ని రకాలో అన్ని నియమాలు. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమాల్లో పక్షి బతికి ఉండాలి, స్వేచ్ఛగా ఉండాలి అన్నవి గట్టివి. ఫొటో ఉండాలన్న షరతు వాళ్ళకు లేదు. కంఠం విని పోల్చినా ఒప్పుకుంటారు. మీ నియమం వాళ్ళ కన్నా కఠినం, అదే సమయంలో వాళ్ళ కన్నా వదులు. తమాషాగా ఉంది.

తేనెపిట్ట | ఆగస్టు 31, మధ్యాహ్నం 2:05

హెర్మిట్ కనపడకపోవడంలో మీ తప్పు లేదండీ. అవి ఫీడర్ల దగ్గర కాపు కాయవు, జాకబిన్‌లా కుస్తీలకు దిగవు. అడవి నీడలో ఒక పువ్వు నుంచి దూరంగా ఉన్న ఇంకో పువ్వుకు తమ దారిన తాము తిరుగుతాయి. వంకీ ముక్కు హెలికోనియా లాంటి వంకీ పువ్వులకు సరిపోతుంది. మీరందరూ పంచదార నీళ్ళ గిన్నె వైపు తిరిగి కూర్చున్నారు, అది మీ వీపు వెనక తన పని చూసుకుని పోయింది.

కొత్త కళ్ళు | ఆగస్టు 31, సాయంత్రం 6:30

ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను. నాది చిన్న ప్రశ్న. నంది కొండ మీద నవ్వించిన ఆ పక్షి ఏమిటి? అది ఇప్పుడు జాబితాలో ఉందా?

దూరపు కొండలు | సెప్టెంబరు 2, రాత్రి 11:20

కొత్త కళ్ళు గారూ, ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. అది నీలగిరి వుడ్ పిజన్. నంది కొండ మీద ఉంటుందని అందరికీ తెలిసిందే, వింతేమీ కాదు. కానీ ఆ నెలలో ఇంకెవరికీ కనపడలేదు, నేను ఆ జట్టుకు కొత్తవాణ్ణి. మెడ మీద చదరంగం గళ్ళు స్పష్టంగా చూశాను. తరువాత ఏడాదికి ఫొటో దొరికింది, ఆ తేదీనే మొదటిసారిగా రాసుకున్నాను. నిన్న రాత్రి ఆ గడిలో తేదీ మార్చాను. పాత తేదీ వేశాను.

జాబితాలో ఇప్పుడు రెండు గళ్ళు పెట్టాను, "చూసినది", "ఫొటో". హిల్‌స్టార్‌కు మొదటి గడి నిండింది, రెండోది ఖాళీ. హెర్మిట్‌కు తలకిందులు. మొత్తం 44 అని రాశాను. మూడు కాళ్ళు గారు ఒప్పుకోరని తెలుసు.

మూడు కాళ్ళు | సెప్టెంబరు 2, రాత్రి 11:41

ఒప్పుకోను. 45.

లాల్‌బాగ్ మామయ్య | సెప్టెంబరు 3, ఉదయం 5:10

రెండో ఆదివారం లాల్‌బాగ్‌కు వస్తున్నావు కదా. ఆ తొమ్మిది ఆడపిట్టల ఫొటోలు తీసుకురా. ఫోనులో కాదు, కాగితం మీద అచ్చు వేయించి పెద్దవిగా. ఫోనులో నా కళ్ళకు ఆనవు. 2011 నోటుపుస్తకం నేను తెస్తాను, అందులో తోకల బొమ్మలు గీసుకున్నాను. ఫీనిక్స్ ఆయన కూడా వస్తే మూడో నాలుగో తేలవచ్చు.